షజరా, పుట్టుమచ్చ, డీఎన్‌ఏ

మధురవాడలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ తిరిగినవాళ్లం మేం. గేటు దగ్గర మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి ఉండదు, పేరు గురించి ఉంటుంది. పేరు చెప్పగానే రెండో ప్రశ్న పడుతుంది. ‘‘మీదెక్కడ?’’ భీమిలి అంటాం. ‘‘అది సరేనండీ, అసలు ఎక్కడ్నుంచి వచ్చారు?’’ శ్రీకాకుళం నుంచి వచ్చినవాణ్ణి, ఒడిశా నుంచి వచ్చినవాణ్ణి, స్టీల్‌ప్లాంటు ఉద్యోగం కోసం ఏ ఊరి నుంచో వచ్చినవాణ్ణి ఆ ‘అసలు’ ఎవరూ అడగరు. మా తాతల సమాధులు ఈ జిల్లా మట్టిలోనే ఉన్నాయని చెప్పినా ఆ ప్రశ్న ఆగదు. అరబ్బు దేశమో, ఇరానో, కాకపోతే పాకిస్తానో మా నోటితో మేమే చెప్పాలని ఎదురు చూస్తారు.

ఇంకో రకం పెద్దమనుషులున్నారు. వాళ్లు ప్రశ్న అడగరు. జవాబు వాళ్లే చెప్పేస్తారు. ‘‘మీరూ మావాళ్లేనండీ. మీ ముత్తాతలు హిందువులే కదా’’ అంటారు, భుజం మీద చెయ్యేసి. మొదటాయన మా తండ్రిని దేశం బయట వెతుకుతున్నాడు. రెండో ఆయన తన ఇంట్లో వెతుకుతున్నాడు. మేం చెప్పిన తండ్రి పేరు ఇద్దరికీ చాలదు.

ఇప్పుడు ఈ వెతుకులాటకి ఒక పనిముట్టు దొరికింది. చిన్న గొట్టంలో ఉమ్మి పోసి పంపితే చాలు, మీ పూర్వీకులు ఫలానా చోటివాళ్లు, ఫలానా మనిషి మీకు ఫలానా వరస అని చెప్పేస్తారు. దాచిన తండ్రులు, దాచిన తల్లులు బయటపడుతున్నారు. ఇదంతా సైన్సు, ఇందులో అబద్ధం లేదు అంటున్నారు. కానీ డీఎన్‌ఏ పరీక్ష ఇచ్చేది అంకెలు. ఆ అంకెల్ని చదివి కథ చేసేది మనుషులు. కథ అన్నాక విమర్శ తప్పదు. ఎవరు చదువుతున్నారు, ఎవరి తరఫున చదువుతున్నారు, ఎవర్ని నిలబెట్టి చదువుతున్నారు అని అడగటం మా హక్కు.

ముందు పాత కథలు చూద్దాం. రహస్య జన్మ మన సాహిత్యానికి కొత్త కాదు. కర్ణుడి కవచకుండలాలు ఆనాటి డీఎన్‌ఏ రిపోర్టే. సూతపుత్రుడని సభలో గేలిచేసినంత కాలం తల్లి నోరు విప్పలేదు. యుద్ధం ముంచుకొచ్చాక, కొడుకుతో అవసరం పడ్డాక పుట్టుక సంగతి చెప్పింది. పుట్టుక రహస్యం ఎప్పుడు బయటికి రావాలన్నది ఎవరి అవసరాన్ని బట్టి ఉంటుందో మనకి అక్కడే తెలుస్తుంది.

మన సినిమాల్లో కవచకుండలాల చోటుని పుట్టుమచ్చ, తాయెత్తు, సగం చిరిగిన ఫొటో, రక్తం గ్రూపు తీసుకున్నాయి. 1977లో మన్‌మోహన్ దేశాయ్ ‘అమర్ అక్బర్ ఆంథోనీ’ తీశాడు. 1980లో విజయనిర్మల దాన్ని తెలుగులో ‘రామ్ రాబర్ట్ రహీమ్’గా తీసింది. తప్పిపోయిన ముగ్గురన్నదమ్ములు మూడు మతాల ఇళ్లలో పెరుగుతారు. ముగ్గురి రక్తం ఒకేసారి తల్లి ఒంట్లోకి ఎక్కే హిందీ సినిమా దృశ్యాన్ని మతసామరస్యానికి గుర్తుగా ఇప్పటికీ చెప్పుకుంటారు. మేమూ ఈలలు వేసి చూసినవాళ్లమే. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి గుచ్చుకుంటోంది. సోదరుడిగా నిలబడటానికి ఆ ముస్లిం కుర్రాడికి ముస్లిం రక్తం ఉండకూడదు. వాడు నమాజు చదవొచ్చు, ఖవ్వాలీ పాడొచ్చు, కానీ వాడి ‘అసలు’ మాత్రం హిందూ తల్లిదండ్రుల దగ్గరే తేలాలి. పెంచిన ముస్లిం తండ్రి కథ అంచున ఉండిపోతాడు. నిజంగా ముస్లిం ఇంట పుట్టిన ముస్లిం ఆ అన్నదమ్ముల్లో ఒకడైతే సామరస్యం కుదరదా? భుజం మీద చెయ్యేసిన పెద్దమనిషి మాటలకీ ఈ సినిమాకీ తేడా ఏమిటో మాకు ఇంకా తెలియలేదు.

ఇదే సరుకుతో వేరే రకంగా రాసినవాళ్లూ ఉన్నారు. 1910లో పుస్తకంగా వచ్చిన టాగూర్ ‘గోరా’లో నాయకుడు కరడుగట్టిన ఆచారవాది. చివరికి తాను 1857 తిరుగుబాటు రోజుల్లో పుట్టిన ఐరిష్ బిడ్డనని తెలుస్తుంది. తెలిశాక అతడు ఐర్లాండు వెతుక్కుంటూ పోలేదు. పెంచిన తల్లి ఆనందమయి దగ్గరికే వచ్చాడు. ఆచార్య చతుర్‌సేన్ నవల ఆధారంగా యశ్ చోప్రా 1961లో తీసిన ‘ధర్మపుత్ర’లో ముస్లింల మీద విషం కక్కే యువకుడికి తాను ముస్లిం తల్లి కడుపున పుట్టానని తెలుస్తుంది. ఈ రెండింట్లోనూ పుట్టుక బయటపడటం గర్వాన్ని పగలగొట్టడానికి పనికొచ్చింది. ‘రామ్ రాబర్ట్ రహీమ్’ తరహా కథల్లో పుట్టుక బయటపడటం పెద్దింటి గర్వాన్ని నిలబెట్టడానికి పనికొచ్చింది. ఈ తేడాని పట్టుకోకపోతే డీఎన్‌ఏ రిపోర్టుని చదవటం కూడా మనకి రాదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన దీర్ఘకవితకి ‘పుట్టుమచ్చ’ అని పేరు పెట్టాడు. తప్పిపోయిన కొడుకుని తల్లి గుర్తుపట్టే ఆనవాలుగా సినిమా చూపించిన మచ్చనే, దేశం మమ్మల్ని అనుమానితులుగా గుర్తుపెట్టుకునే ఆనవాలుగా ఆయన చూపించాడు. ఒంటి మీది గుర్తు ప్రేమకీ పనికొస్తుంది, పోలీసు ఫైలుకీ పనికొస్తుంది. డీఎన్‌ఏ కూడా అలాంటి మచ్చే. ఇది మరీ లోపలి మచ్చ, కడిగినా పోనిది.

ఈ మచ్చని మొదట ఎవరి మీద వెతికారో చూడండి. 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టాడు. 1985లో అది మొదటిసారి పనికొచ్చింది ఒక వలస కుటుంబానికి. ఘనా నుంచి తల్లి దగ్గరికి తిరిగొచ్చిన నల్లజాతి పిల్లవాణ్ణి చూసి, ఇతను నిజంగా ఆమె కొడుకేనా అని ఇమిగ్రేషన్ అధికారులు అనుమానించారు. తల్లి మాట చాల్లేదు. రక్తం చెప్పాల్సి వచ్చింది. రక్తం తల్లి మాటే నిజమంది. ఆ పరీక్ష ఆ తల్లికి మేలు చేసింది, కాదనం. కానీ తన కడుపున పుట్టిన బిడ్డ తన బిడ్డేనని రుజువు చేసుకోవాల్సిన గతి ఏ తల్లులకి పడుతుందన్నదే మా ప్రశ్న. అనుమానితుల జాబితాలో ఉన్నవాళ్లకే పడుతుంది.

ఆ విద్య మన హైదరాబాదుకీ తొందరగానే వచ్చింది. 1988 నాటికే సీసీఎంబీలో లాల్జీ సింగ్ సొంతంగా డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి తయారుచేశాడు. కేరళలోని తలస్సేరి కోర్టులో నడిచిన ఒక పితృత్వ వివాదంలో మన దేశంలో మొదటిసారి దాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు. తర్వాత ఈ పని కోసమే హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ వచ్చింది. పద్ధతి వినటానికి తేలికే. బిడ్డ డీఎన్‌ఏలో ఎంచుకున్న పదిహేను, ఇరవై చోట్ల చిన్న చిన్న ముక్కలు ఎన్నిసార్లు తిరిగి తిరిగి వస్తున్నాయో లెక్కపెడతారు. ప్రతి చోటా రెండు లెక్కలుంటాయి. ఒకటి తల్లిది, రెండోది తండ్రిది. తల్లిది పక్కన పెట్టగా మిగిలింది తండ్రి అనుకున్నవాడిలో కనబడాలి. ఒక చోట తప్పితే ఆ మార్పు మధ్యలో వచ్చిందేమో అనుకోవచ్చు. చాలాచోట్ల తప్పితే అతను తండ్రి కాడు.

నారాయణదత్ తివారీ సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2007 నుంచి 2009 దాకా మన గవర్నరు. ఆయన తన తండ్రి అని రోహిత్ శేఖర్ ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాడు. రోహిత్ పుట్టిన నాటికి అతని తల్లికి వేరే భర్త ఉన్నాడు. చట్టం దృష్టిలో ఆ భర్తే తండ్రి. రక్తం ఇవ్వనని తివారీ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాడు. చివరికి 2012 మే 29న డెహ్రాడూన్‌లోని ఆయన ఇంట్లో రక్తం తీసి సీడీఎఫ్‌డీకి పంపారు. జులై 27న రిపోర్టు తెరిచారు. తివారీయే తండ్రి. 2014లో ఆయన ఒప్పుకున్నాడు. నాలుగుసార్లు ముఖ్యమంత్రి చేసిన మనిషి ముందు ఒక తల్లి మాట నిలబడటానికి ఈ పరీక్ష కావాల్సి వచ్చింది. అధికారం ఉన్నవాడు దాచినదాన్ని అధికారం లేనివాడు బయటికి లాగాడు. డీఎన్‌ఏకి మేం గౌరవం ఇచ్చే చోటు ఇదే.

అయితే చట్టం ఇంతకాలం రక్తాన్ని ఎందుకు పట్టించుకోలేదు? 1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షను ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది 116వ సెక్షను. వివాహం నడుస్తున్నప్పుడు, లేదా అది రద్దయిన 280 రోజుల్లోపు తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా బిడ్డని కంటే, ఆ బిడ్డ ఆ భర్త బిడ్డే. ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప ఇంకో మాట లేదు. మా ఫిఖహ్‌లోనూ బిడ్డ ఎవరి పడకలో పుడితే వాళ్లదే అన్న సూత్రం ఉంది. తండ్రి తన నోటితో ‘వీడు నా కొడుకు’ అని ఒప్పుకుంటే, ఆ మాటని కాదనే కారణం లేకపోతే, అదే సంబంధం. ఇక్రార్ అంటారు దీన్ని. 1888లోనే అలహాబాదు హైకోర్టులో జస్టిస్ సయ్యద్ మహమూద్ ఈ సంగతిని విడమరచి రాశాడు. రెండు చట్టాల వెనకా ఉన్న భయం ఒకటే. పెద్దవాళ్ల అనుమానానికి పసివాడు బలి కాకూడదు.

సుప్రీంకోర్టు ఈ రెంటి మధ్యా ఊగుతూనే ఉంది. అడిగినవాళ్లందరికీ రక్త పరీక్ష ఆర్డరు ఇవ్వకూడదని 1993లో గౌతమ్ కుందు కేసులో చెప్పింది. పరీక్ష జరిగి నిజం తేలాక మాత్రం చట్టం చేసే ఊహ కన్నా సైన్సు చెప్పిన నిజమే గెలవాలని 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో చెప్పింది. మళ్లీ 2023లో, భార్యాభర్తల తగవులో బిడ్డని పావుగా వాడుకోవద్దని, తన పుట్టుక మీద అనవసరంగా ప్రశ్న వేయించుకోకుండా ఉండే హక్కు బిడ్డకి ఉందని చెప్పింది. ఈ తీర్పుల్ని కలిపి చదివితే మాకు అర్థమయ్యేది ఇది. తెలుసుకునే హక్కు బిడ్డదైతే అది న్యాయం. బిడ్డని అడ్డం పెట్టుకుని తల్లిని నిలదీసే హక్కుగా మారితే అది దౌర్జన్యం.

ఇక మా విశాఖ సంగతికి వద్దాం. కులాల పుట్టుక మీద ప్రపంచమంతా చర్చించిన డీఎన్‌ఏ పరిశోధన ఒకటి మా జిల్లాలోనే జరిగిందని మాలో చాలామందికి తెలియదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పరిశోధకులు, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి చేశారు. 1998లో ‘నేచర్’ పత్రికలో, 2001లో ‘జీనోమ్ రీసెర్చ్’ పత్రికలో అచ్చయింది. రెండో వ్యాసం కోసం విశాఖ జిల్లాలో ఉన్న మగవాళ్లని కులమేమిటి, ఇంటిపేరేమిటి, తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారు అని అడిగి, మూడు తరాల దాకా ఒకరికొకరు చుట్టాలు కానివాళ్లని ఏరి, రక్తం తీసుకున్నారు. ఎనిమిది కులాలు, సుమారు 265 మంది. బ్రాహ్మణుల నుంచి మాల, మాదిగ, రెల్లిల దాకా ఉన్నారు. పరిశోధన హిందూ కులాల మీద కాబట్టి అందులో మేం లేం. అయినా అది మా గురించి కూడా చెప్పింది.

మగవాడి ఒంట్లో రెండు గుర్తులుంటాయి. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. 1998 వ్యాసంలో తేలింది ఇది. తల్లి గుర్తు చూస్తే, అంతస్తులో దగ్గరి కులాలు దగ్గరగా, దూరపు కులాలు దూరంగా ఉన్నాయి. తండ్రి గుర్తులో ఆ వరస లేదు. అంటే ఆడవాళ్లు అప్పుడప్పుడూ కింది కులం నుంచి పై కులంలోకి వెళ్లారు. మగవాళ్లకి ఆ దారి లేదు. 2001 వ్యాసం, పై కులాల తండ్రి గుర్తుల్లో పడమటి జనాలతో పోలిక ఎక్కువని చెప్పింది. 2013లో సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కూడా ఉన్న మరో బృందం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనాలు బాగా కలిశారని, ఆ తర్వాత కులం కట్టుబాట్లు బిగిసి ఆ కలయిక ఆగిపోయిందని చెప్పింది.

దీన్ని పండితులు ఆర్యుల తగవుగా చదువుకున్నారు. మేం తల్లుల కథగా చదువుతున్నాం. గోత్రంలో తండ్రులే ఉన్నారు. ఇంటిపేరులో తండ్రులే ఉన్నారు. పై కులం ఇంట్లో కోడలిగానో, ఉంపుడుకత్తెగానో, పనిమనిషిగానో చేరిన కింది కులం ఆడమనిషి పేరు ఏ వంశవృక్షంలోనూ లేదు. ఆమె తన కొడుకుల, కూతుళ్ల ఒంట్లో మాత్రం మిగిలిపోయింది. దాచిన పితృత్వం గురించి ఇంత గోల చేసే సమాజం, దాచిన మాతృత్వం గురించి ఒక్క మాట మాట్లాడదు.

ఇక్కడ మమ్మల్ని మేం కూడా విడిచిపెట్టుకోకూడదు. మా ఇళ్లలో షజరా అని ఒకటుంటుంది. పాత కాగితం చుట్టి ట్రంకు పెట్టెలో దాస్తారు. అందులో మా తాత, ఆయన తండ్రి, ఆయన తండ్రి, అలా వెళ్లి వెళ్లి బుఖారాలోనో బాగ్దాదులోనో తేలుతుంది. మొత్తం మగ పేర్లే. ఆ కాగితం ప్రకారం మా వంశంలో తల్లి కడుపున పుట్టినవాడు ఒక్కడూ లేడు. ఆ షజరా చూపించి మేం దూదేకుల వాళ్లకి పిల్లనివ్వలేదు. వాళ్లని సగం ముస్లింలన్నాం. అత్తరు సాయిబుల్ని, ఫకీర్లని, గారడీ సాయిబుల్ని, తురక కాశల్ని పెళ్లి పందిట్లో చివరి వరసలో కూర్చోబెట్టాం. అరబ్బు రక్తం అని చెప్పుకోవటంలో మాకున్న ఆశ, మమ్మల్ని పరాయివాళ్లని తిట్టేవాడి చేతికి మేమే ఇచ్చిన కర్ర.

సైన్సు ఆ కర్రని విరిచింది. భారతీయ ముస్లిం సమూహాల మీద సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కూడా పాల్గొన్న ఒక పరిశోధన 2010లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో వచ్చింది. మా జన్యువుల్లో ఎక్కువ భాగం మా చుట్టుపక్కల ఉన్న ముస్లిమేతరులవి ఎలాంటివో అలాంటివే, పడమటి ఆసియా, ఆఫ్రికా జాడలు కొద్దిగా మాత్రమే కనిపిస్తాయని తేల్చింది. మరి 2007లో రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ఏం జరిగింది? అత్తరు సాయిబులు, ఖురేషీలు, హజాములు, సిద్దీలు, షేక్‌లు బీసీ-ఇ లో చేరి నాలుగు శాతం పొందారు. సయ్యదులు, మొగలులు, పఠాన్లు బయట ఉండిపోయారు. అంతకు ముందు దాకా షజరా చూపించి గర్వపడిన ఇళ్లలో కొన్ని, షేక్ అని సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగాయి. మేం నవ్వటానికి చెప్పటం లేదు. వంశం అనేది అవసరాన్ని బట్టి రాసుకునే కాగితమని మాకు మేం ఒప్పుకోవటానికి చెబుతున్నాం.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పటానికి మా ఖాలా దగ్గర అనుమతి తీసుకున్నాం.

మా అబ్బా, మా చిచ్చా సొంత అన్నదమ్ములు. వాళ్లు చేసుకున్నది సొంత అక్కచెల్లెళ్లని. కాబట్టి చిచ్చా భార్య మాకు చాచీ, అంతకంటే ముందు ఖాలా. రెండు ఇళ్లూ మధురవాడలో గోడకి గోడ. మా అన్న, ఖాలా కొడుకు ఇద్దరూ అమెరికాలో ఉన్నారు. ఒక పండక్కి ఇద్దరూ సరదాగా ఉమ్మి పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికీ సుమారు 26 శాతం కలిసింది. వరస దగ్గర ‘సవతి సోదరుడు కావచ్చు’ అని వచ్చింది. అది ఫోన్లో ఇంటి గ్రూపులోకి వచ్చింది. ఒక్క సాయంత్రంలో చుట్టాలందరికీ పాకింది.

ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అదే దారుణం. చచ్చిపోయిన మా అబ్బా మీద, డెబ్బై ఏళ్లు దాటిన మా ఖాలా మీద అందరి చూపులూ పడ్డాయి. కొందరు పాత సంగతులు తవ్వారు. చిచ్చా దుబాయిలో ఉన్న ఏళ్లు లెక్కపెట్టారు. ఖాలా రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మమ్మల్ని పిలిచి ఉర్దూలో ఒక మాట అంది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘‘నా కడుపు సంగతి నన్ను అడక్కుండా, ఉమ్మిని అడిగార్రా మీరు?’’

లెక్క సరిచేసింది మా చెల్లెలి కూతురు, బయోటెక్నాలజీ చదివే పిల్ల. కాగితం తెచ్చుకుని మా అందరి ముందూ రాసింది. సవతి సోదరులకి సగటున 25 శాతం కలుస్తుంది. మామూలు అన్నదమ్ముల పిల్లలకి పన్నెండున్నర శాతం. కానీ మా వాళ్లు మామూలు వరస కాదు. తండ్రుల వైపు నుంచి పన్నెండున్నర, తల్లుల వైపు నుంచి ఇంకో పన్నెండున్నర. కలిపితే 25. మీరు అనుమానించింది నిజమైతే, తండ్రి ఒకడే అయ్యి తల్లులు అక్కచెల్లెళ్లైతే, 25కి పన్నెండున్నర కలిసి 37న్నర రావాలి. వచ్చింది 26. అంటే ఈ రిపోర్టు నానీ మీద నేరం మోపలేదు, నిర్దోషి అని చెప్పింది. చదవటం రాక మీరు తిరగేసి చదివారు అంది.

అమెరికాలో ఆ వరసలు కట్టే పద్ధతి, చుట్టరికాలు చేసుకోని జనాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లని చేసుకునే ఇళ్లు, మేనమామ కూతురిని, మేనత్త కొడుకుని, అక్క కూతురిని చేసుకునే ఇళ్లు వాళ్ల లెక్కలో అరుదు. మాలోనే కాదు, తెలుగు హిందువుల్లోనూ మేనరికాలు తరతరాలుగా ఉన్నవే. తెలుగు ఇళ్లలో ఈ పరీక్ష చేయించుకున్న ఎవరికైనా ఉన్నదానికంటే దగ్గరి వరస కనబడే ప్రమాదం ఉంది. అది తెలియకపోతే ఎన్ని వంటిళ్లలో ఎంతమంది ఆడవాళ్లు అన్నం మానేయాలి?

లెక్క తేలాక మావాళ్లు ఖాలాకి క్షమాపణ చెప్పారు. కానీ లెక్క వేరేలా తేలి ఉంటే? 37 వచ్చి ఉంటే? ఆ ప్రశ్న మమ్మల్ని వదలటం లేదు. అప్పుడు ఖాలా మా ఖాలా కాకుండా పోయేదా? నలభై ఏళ్లు భుజాన మోసిన చిచ్చా వాడికి తండ్రి కాకుండా పోయేవాడా? కోర్టు కూడా వద్దన్న పనిని మేం ఇంట్లో, ఫోన్లో, ఒక్క సాయంత్రంలో చేసేశాం. దాచిన పుట్టుకని బయటపెట్టే సాధనం ఇంటి మగవాళ్ల చేతిలో పడితే మొదట అనుమానించేది ఆడదాన్నే. తివారీ కేసులో తల్లికి అండగా నిలిచిన పరీక్షే మా ఇంట్లో తల్లిని బోనెక్కించింది.

ఇంట్లో జరిగిందే దేశంలో పెద్దగా జరుగుతోంది. 2021 జులైలో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్ గాజియాబాద్‌లో మాట్లాడుతూ, మతం ఏదైనా భారతీయులందరి డీఎన్‌ఏ ఒకటే అన్నాడు. మావాళ్లలో కొందరు సంతోషించారు. పరాయివాళ్లు కాదని ఒప్పుకున్నాడు కదా అన్నారు. మేం సంతోషించలేకపోయాం. రక్తం ఒకటి కాబట్టి మేం ఇక్కడివాళ్లమైతే, రక్తం వేరైన రోజు ఎక్కడివాళ్లం అవుతాం? హైదరాబాదులో ఉన్న సిద్దీల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. మరి వాళ్లు ఇక్కడివాళ్లు కారా? పరీక్షలో మాకు నూటికి నూరు పాళ్లు అరబ్బు రక్తం వచ్చినా, విశాఖ మా ఊరే. ఈ నేల మీద పని చేసినందుకు, ఈ భాషలో ఏడ్చినందుకు, ఇక్కడ పుట్టి ఇక్కడే మట్టిలో కలుస్తున్నందుకు మేం ఇక్కడివాళ్లం. రాజ్యాంగం మమ్మల్ని పౌరులన్నప్పుడు ఉమ్మి అడగలేదు.

పితృత్వం రుజువు చేసుకోలేకపోతే ఏమవుతుందో అస్సాం చూపించింది. 2019 ఆగస్టు 31న విడుదలైన ఎన్నార్సీ తుది జాబితాలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేవు. పాత కాగితాల్లో ఉన్న పూర్వీకుడికీ తనకీ సంబంధం చూపించాలి. వంశవృక్షం రాసివ్వాలి. అది చుట్టాలు రాసినదానితో సరిపోవాలి. పుట్టిన సర్టిఫికెట్ లేక, బడికి పోక, చిన్నప్పుడే పెళ్లై వేరే ఊరు వెళ్లిన ఆడవాళ్లు ‘నేను ఫలానా వాడి కూతుర్ని’ అని రుజువు చేయలేక అల్లాడారు. షజరాలో ఆడవాళ్ల పేర్లు రాయని పాపం అక్కడ హిందువులకీ ముస్లింలకీ అందరికీ తగిలింది.

ఇక జాబితాల సంగతి. 2023లో అమెరికాలో ఇలాంటి పరీక్షలు చేసే 23అండ్‌మీ అనే కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. దొంగలు మొదట అమ్మకానికి పెట్టినవి యూదు మూలాలున్నవాళ్ల జాబితా, చైనా మూలాలున్నవాళ్ల జాబితా. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది. కోటిన్నర మంది జన్యు వివరాలు దివాలా ఆస్తిలో భాగమయ్యాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లింలతో సహా అక్కడి జనం డీఎన్‌ఏని అధికారులు మూకుమ్మడిగా సేకరించారని 2017లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. మన దేశంలో డీఎన్‌ఏ వాడకాన్ని నియంత్రించడానికి 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లుని 2023లో వెనక్కి తీసుకున్నారు. మైనారిటీలకి జాబితా అంటే ఏమిటో చరిత్రలో చాలాసార్లు తెలిసొచ్చింది. ఓటర్ల జాబితా పట్టుకుని ఇళ్లు వెతికిన రోజులు మరిచిపోలేదు. ఒక్కడు ఉమ్మి ఇస్తే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పుట్టబోయే పిల్లలు అందరూ ఆ జాబితాలోకి ఎక్కుతారు. వాళ్లనెవరూ అడగరు.

అందుకని పరీక్షలు వద్దంటున్నామా? అనం. తండ్రి వదిలేసిన బిడ్డకి తండ్రి కావాలంటే ఆ బిడ్డ అడగాలి, కోర్టు ఇవ్వాలి. పెంపుడు బిడ్డ పెద్దయ్యాక కన్నవాళ్లని వెతుక్కుంటే, పెంచినవాళ్లు తోడు వెళ్లాలి. రోగం వంశంలో ఉందేమో తెలుసుకోవటానికి డాక్టరు అడిగితే ఇవ్వాలి. అధికారం ఉన్నవాడు దాచినదాన్ని లేనివాడు వెతికే చోట మేం డీఎన్‌ఏ పక్షం. లేనివాణ్ణి ఉన్నవాడు నిలబెట్టి ‘నీ అసలు చూపించు’ అనే చోట మేం దానికి ఎదురు.

మా రచయితలకి ఒక మాట. మనం ఇంతకాలం బయటివాడి ప్రశ్నకి జవాబు రాశాం. ఇప్పుడు మన ట్రంకు పెట్టెలు తెరిచి, షజరాలో లేని తల్లుల గురించి రాయాలి. ఏ జాలరి ఇంటి నుంచి, ఏ రెల్లి వాడ నుంచి, ఏ ఓడ దిగి ఆమె మన ఇంటికి వచ్చిందో తెలియకపోయినా, ఆమె ఉందని రాయాలి. దానికి ఉమ్మి అక్కర్లేదు. మన దాదీల నోట మిగిలిన పాటలు, వంటలు, తిట్లు, మొక్కులు చాలు. పాత విశాఖ హార్బరు దగ్గర దర్గా కొండ ఎక్కి ఇస్‌హాక్ మదనీ దర్గాలో చాదర్ కప్పి, దిగుతూ పక్క కొండ మీద గుడి వైపు కూడా దణ్ణం పెట్టిన దాదీలు మా ఇళ్లలో ఉన్నారు. వాళ్లు ఎవరి బిడ్డలో వాళ్లకి బాగా తెలుసు.

మా ఖాలా ఇప్పుడు మామూలుగానే ఉంది. రంజానుకి షీర్‌ఖుర్మా రెండిళ్లకీ ఒకే గిన్నెలో చేస్తుంది. ఆమె కొడుకు ఫోన్ చేసి ఆ రిపోర్టు తీసేయించానని చెప్పాడు. ‘‘మంచిది’’ అంది. తర్వాత మా వైపు తిరిగి, ఇల్లు అద్దెకి దొరికిందా లేదా అని అడిగింది. ఇంకా లేదన్నాం.